గది తలుపు వెనక శాక్సఫోన్

వైదేహి అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉంది. జయదేవ్ మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నాడు. అప్పటికే కలిసిపోయిన అన్నాన్ని మనిషి ఎంతసేపని కలుపుతాడు?

"నందిగామలో ఆ మేడమీద ఎవరున్నారండీ?" అంది రెండోసారి.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని వంటింట్లో ఉన్న చూడామణికి అనిపించింది. కోడలు అరిస్తే సర్ది చెప్పవచ్చు. ఇలా మెల్లగా అడిగితే అత్తగారు మధ్యలో దూరడానికి సందు దొరకదు.

"ఎవరూ లేరు," అన్నాడు జయదేవ్.

"ఎవరూ లేని మేడ ఎవరైనా రెండుసార్లు ఎక్కుతారా?"

అతను చెయ్యి కడుక్కోడానికి లేచాడు. కంచంలో సగం అన్నం అలాగే వదిలేశాడు. వరండాలో పేపరు చదువుతున్న మావగారు రామబ్రహ్మం మాస్టారు పేపరు తిరగెయ్యడం మానేసి చెవి ఇటు పెట్టారు. పెద్దమనిషి కాబట్టి వినలేదన్నట్టు ఉండిపోయారు గానీ, ఆ సాయంత్రం ఆయన ఒక్క వార్త చదివి ఉంటే నన్నడగండి.

వైదేహికి ఈ మేడ సంగతి చెప్పింది కమలాకుమారి. ఇద్దరూ నందిగామ హైస్కూల్లో టీచర్లు. వైదేహి జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తుంది, కమలాకుమారిది ఆ ఊరే. "మీ ఆయన్ని చూశానండీ, పలకరిద్దామనుకునేలోపే మేడ మెట్లెక్కేశారు, పైన ఒకమ్మాయి తలుపు తీసింది," అని చెప్పింది. వారం తిరక్కుండా మళ్ళీ చూశానంది. చెప్పాలా వద్దా అని రెండు పీరియడ్లు ఆలోచించానని కూడా అంది. అలా ఆలోచించి మరీ చెప్పేవాళ్ళ మాట కడుపులో లోతుగా దిగుతుంది.

ఆ రెండు రోజులూ జయదేవ్ ఇంట్లో చెప్పిన మాట వేరు. రీడ్లు కొనడానికి బెజవాడ వెళ్ళాడట. పరిటాలలో కొత్తగా నిలబెట్టిన ఆంజనేయస్వామి విగ్రహం చూడటానికి జనం ఎగబడి బస్సు కదలలేదట, అందుకే పొద్దుపోయిందట. అబద్ధమాడేవాడు తన తిప్పలేవో తను పడాలి గానీ మధ్యలో స్వామివారిని లాగడం దేనికి?

రీడంటే శాక్సఫోన్ నోటి దగ్గర బిగించే సన్నటి రెల్లు బద్ద. ఊపిరి తగిలి అదిరేది అదే. పెళ్ళయిన కొత్తలో వైదేహికి అది ఐస్‌ఫ్రూట్ పుల్లలా కనిపించేది. తొమ్మిదేళ్ళ కాపురంలో దాని చరిత్రంతా ఆమెకి వచ్చేసింది. రోజూ వాయించేవాడి రీడు అంచు కొన్నాళ్ళకి చిట్లుతుంది. చిట్లినదాన్ని జయదేవ్ కిటికీలో పడేస్తాడు, ఆమె ఊడ్చి పారేస్తుంది, విసుక్కుంటుంది. ఈ మధ్య కిటికీలో ఒక్క బద్దా కనపడలేదు. ఎప్పటినుంచి కనపడటం లేదో చెప్పలేకపోయింది. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ ఇంట్లో ఎవరి అనుమానం వాళ్ళకుంది. జయదేవ్ ఇన్నేళ్ళూ హైదరాబాదు హోటళ్ళలో జాజ్ వాయించినవాడు కాబట్టి తాగుడు అలవాటైందని, అది దాచుకోవడానికే గది తలుపు వేసుకుంటున్నాడని రామబ్రహ్మం మాస్టారి అనుమానం. చూడామణి అనుమానం కోడలి మీద. ఆ హోటలు వాయింపు మానెయ్యండి, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లలు చదివే స్కూల్లో సంగీతం మాస్టారి ఉద్యోగం ఉంది, చేరండి అని ఏడాదిగా పోరుతోంది కదా, అలా పోరితే మగాడు మేడలెక్కక ఏం చేస్తాడని ఆవిడ లోపల్లోపల అనుకుంది. పైకి అనలేదు. అనకపోయినా వైదేహికి వినపడింది.

ఇక నాలుగో అనుమానం సతీష్‌బాబుది. నందిగామలో పొలాలున్న కుటుంబం వాళ్ళది. బెజవాడ కాలేజీలో జయదేవ్‌తో కలిసి చదివాడు. గోవా నుంచి వచ్చిన ఒక ముసలాయన ఏదో హోటల్లో శాక్సఫోన్ వాయిస్తుంటే ఇద్దరూ కలిసే విన్నారు, ఇద్దరూ కలిసే చెడిపోయారని రామబ్రహ్మం మాస్టారు అంటుంటారు. సతీష్‌బాబు డ్రమ్ములు, ఇంకో ఇద్దరు పియానో, బేసు గిటారు. ఆ నలుగురి బృందం పదేళ్ళుగా హైదరాబాదులో అన్నాలు తింటున్నవాళ్ళ ముందు వాయిస్తోంది. సినిమా పాట వాయించమని చీటీ పంపేవాళ్ళకి దణ్ణం పెడుతూ, తమకి కావలసింది మధ్యమధ్యలో వాయించుకుంటూ బతికారు. ఇన్నాళ్ళకి బొంబాయిలో జరిగే జాజ్ ఉత్సవం వాళ్ళు, ఒకసారి విని చూస్తాం అన్నారు. ఆదివారం హైదరాబాదు వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఈ బృందం పేరు నలుగురికీ తెలుస్తుంది. నచ్చకపోతే మళ్ళీ అన్నాలు తినేవాళ్ళే.

ఇంత పని ముందుంటే జయదేవ్ ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఒంటరిగా సాధన చేసుకుంటానన్నాడు. రిహార్సలుకి రమ్మని సతీష్‌బాబు ఫోను చేసినప్పుడల్లా జలుబనో జ్వరమనో తప్పించుకున్నాడు. వేరే బృందం వాళ్ళు వీణ్ణి లాగేసుకున్నారని, చివరి రోజున మొండిచెయ్యి చూపిస్తాడని సతీష్‌బాబు గట్టిగా నమ్మాడు.

ఆ శుక్రవారం సాయంత్రం పోట్లాట అలా మాటా మాటా పెరక్కుండానే ముగిసింది. ఇద్దరూ ఒకే గదిలో అటొకరు ఇటొకరు తిరిగి పడుకున్నారు.

మర్నాడు రెండో శనివారం, స్కూలు లేదు. వైదేహి వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కాఫీ కాగానే జయదేవ్ ముందుగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. వీధిలోకి వినపడి జనం ఆగిపోతున్నారని ఆ తలుపుకి లోపలివైపు పాత పరుపు ఆనించడం ఎప్పటినుంచో అలవాటు. కాసేపటికి శాక్సఫోన్ మొదలైంది.

పరుపు వెనకనుంచి మందంగా వస్తున్నా బాగుంది. వైదేహికి కోపంలో కూడా బాగుందనే అనిపించింది, అదొక మంట. నెమ్మదిగా ఎత్తుకుని, ఒక మలుపు తిప్పి, పైకి తీసుకెళ్ళాడు. అక్కడ రీడు కీచుమంది. అతను ఆగలేదు. ఆ కీచునే పట్టుకుని ఇంకో రెండుసార్లు కావాలని కీచుమనిపించి, దాన్నే ఒక వరస చేసి కిందికి దిగాడు.

చిక్కుడుకాయ వైదేహి చేతిలో ఉండిపోయింది.

నిన్న పొద్దున బస్సుకి పరిగెడుతూ చెప్పులేసుకుంటున్నప్పుడు కూడా ఆమె ఈ కీచు వింది. ఇదే మలుపు తర్వాత వింది. దాని వెనక ఇవే రెండు కీచులు వచ్చాయి. అబ్బ, తప్పుని భలే సర్దుకున్నాడే అని కోపంలోనూ మెచ్చుకుని మరీ గేటు దాటింది.

వరండాలోంచి రామబ్రహ్మం మాస్టారు లోపలికొచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. రిటైరైన లెక్కల మాస్టారు, వయొలిన్ కొంత నేర్చుకున్నారు. కృతుల వరకూ వచ్చాక గురువుగారు కాలం చేస్తే సొంతంగా రాగం తియ్యడం జోలికి పోకుండా నేర్చుకున్నవే అరవై ఏళ్ళు వచ్చినా పొల్లు పోకుండా వాయించుకుంటున్న మనిషి.

"విన్నావా అమ్మాయ్? నిన్నా ఇదే, మొన్నా ఇదే. ఒక్క స్వరం అటూ ఇటూ పోలేదు. ఇన్నాళ్ళకి మనవాడికి సాధనంటే ఏమిటో తెలిసింది," అన్నారు.

కొడుకు తాగుతున్నాడేమోనన్న అనుమానం ఆయనకి ఆ నిమిషాన తీరిపోయింది. వైదేహికి మాత్రం కొత్తది పుట్టింది.

ఎందుకంటే జయదేవ్ అలా వాయించడు. వాయించలేడు. పాట మొదలూ చివరా బృందమంతా అనుకున్న వరసే ఉంటుంది. మధ్యలో తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఏ రోజుది ఆ రోజే పుట్టాలి. నిన్న బాగా వచ్చిందని ఇవాళ అదే వాయిస్తే జాజ్ వాళ్ళు మొహం మీదే నవ్వుతారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, నిన్న రాత్రి వాయించారే అది మళ్ళీ వాయించరూ అని ఆమె ముచ్చటపడి అడిగితే, నాకది ఇప్పుడు గుర్తు కూడా లేదు వైదేహీ అని నిజంగానే తెల్లమొహం వేశాడు. అలాంటివాడు పొరపాటుని కూడా చూచిరాతలా మూడు రోజులు ఒకేలా వాయిస్తాడా?

అంటే లోపల మోగుతున్నది టేపు.

మరి మనిషి ఏం చేస్తున్నాడు? ఆ ముందుగదికి సందులోకి ఇంకో తలుపుంది. అక్కణ్ణుంచి రెండడుగులు వేస్తే బస్టాండుకి పోయే రోడ్డు. టేపు పెట్టి, తలుపు తీసుకుని, చక్కా వెళ్ళిపోవచ్చు. లేకపోతే ఎవరైనా లోపలికే రావచ్చు. ఇంట్లో అత్తగారూ మావగారూ ఉండగానే. వైదేహి అంతవరకూ ఆలోచించింది. ఆలోచించినందుకు సిగ్గేసినా ఆగలేకపోయింది.

చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచి వెళ్ళింది. తలుపు దబదబా బాదలేదు. చెంప తలుపుకి ఆనించి, వరండాలోకి వినపడకుండా అంది.

"టేపు ఆపి తలుపు తియ్యండి."

లోపల శాక్సఫోన్ కాసేపు అలాగే వాగుతూ పోయింది. తర్వాత ఊపిరి మధ్యలోనే టక్కున ఆగింది. పరుపు పక్కకి జరిపిన చప్పుడైంది. గడియ తీశాడు.

వైదేహి అతని మొహం చూడలేదు. ముందు గది చూసింది. తలుపు వెనక చూసింది. సందువైపు తలుపుకి లోపల గడియ వేసే ఉంది. మంచం కిందికి వంగబోయి, తను చేస్తున్న పని తనకే తెలిసి ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. పెద్ద స్పీకరు, టేప్‌రికార్డరు, మంచం మీద తువ్వాలు పరిచి దానిమీద పడుకోబెట్టిన శాక్సఫోన్. అంతే.

"చూడటం అయిందా?" అన్నాడు జయదేవ్.

వైదేహి శాక్సఫోన్ తీసి అతని చేతికిచ్చింది. "వాయించండి," అంది.

అతను వద్దనలేదు. మెడకి తగిలించుకున్నాడు, రీడు నాలిక మీద తడుపుకున్నాడు, నోట్లో పెట్టుకున్నాడు. మొదటి స్వరం బాగానే వచ్చింది. రెండో ఊపిరికి పెదవి ఎడమ మూల వణికింది. అక్కణ్ణుంచి గాలి బుస్సుమని పోయింది, స్వరం వంకరపోయి కింద పడింది. మళ్ళీ పెట్టాడు. ఈసారి మొదటి స్వరం కూడా నిలవలేదు. అతను కళ్ళు మూసుకుని మూడోసారి ప్రయత్నిస్తుంటే వైదేహి చెయ్యి అడ్డం పెట్టింది.

ఎప్పటినుంచి అని అడిగింది. వానాకాలం మొదట్లో అన్నాడు. తింటున్నప్పుడు ఏమీ లేదు, మాట్లాడుతున్నప్పుడు ఏమీ లేదు, ఇది నోట్లో పెట్టుకుంటేనే ఆ మూల తన మాట వినడం లేదన్నాడు. మొదట పళ్ళ వల్లనుకున్నాడట. ఈ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నాన్నగారి దగ్గర చదువుకున్నవాళ్ళే, బెజవాడలో బృందం వాళ్ళకి తెలిసినవాళ్ళే. అందుకని నందిగామలో కొత్తగా చదువు ముగించి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడట. యశస్విని అని, ఆవిడ ఇంకా బోర్డు కూడా పెట్టలేదు. మేడమీద ఇంట్లోనే కుర్చీ వేసుకుని చూస్తోంది. పళ్ళకేమీ లేదు, నరాల డాక్టరుకి చూపించుకోండి అందట.

"చూపించుకున్నారా?"

"లేదు."

"ఎందుకని?"

"ఇక రాదని చెబితే?" అన్నాడు. తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక్కడికి తెలిస్తే చాలు వైదేహీ. ఎవరూ ఏమీ అనరు. ఫోను రావడం మానేస్తుంది. మావాళ్ళు అలాగే చేస్తారు, నేనూ ఒకాయన విషయంలో అలాగే చేశాను. ఈ పెదవి తప్ప నాకింకేం వచ్చు చెప్పు. లెక్కలు రావు, ఉద్యోగం రాదు. రోజూ ఈ గదిలోకి వచ్చి, ఇవాళ వస్తుందేమోనని చూస్తున్నా. రానప్పుడు, మీరంతా అడుగుతారని కిందటేడు టేపు పెడుతున్నా."

వైదేహి వింటూనే ఉంది. వింటూ ఉండగానే గుండెల మీంచి ఏదో బరువు దిగింది. మేడమీద ఉన్నది పళ్ళ డాక్టరు. తలుపు తీసిన అమ్మాయి పళ్ళ డాక్టరు. వారం రోజులుగా తిండి సయించక, పిల్లలకి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయి, బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చింది ఇందుకా అనుకుంది. పెద్దగా ఊపిరి వదిలింది. వదిలాక పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. ఆపుకుందామనుకునేలోపే వచ్చేసింది.

జయదేవ్ ఆ నవ్వు చూశాడు.

"నీకు సంతోషంగా ఉంది కదూ," అన్నాడు.

ఉంది. అదే ఆమె పాపం. మొగుడి బతుకుతెరువు కళ్ళ ముందు కుప్పకూలి ఉంటే ఆమెకి హాయిగా ఉంది. లేదని చెప్పడానికి మొహం చెల్లలేదు, తల వంచుకుంది. శాక్సఫోన్ అందుకుని తువ్వాలుతో తుడుస్తూ కూర్చుంది.

అప్పుడే వీధిలో కారు ఆగింది. సాయంత్రం వచ్చి జయదేవ్‌ని హైదరాబాదు తీసుకెళతానని ఫోనులో చెప్పిన సతీష్‌బాబు మధ్యాహ్నం కాకుండానే దిగాడు. ఈలోగా ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని ముందే వచ్చాడన్నమాట. చూడామణి మంచినీళ్ళిచ్చి భోంచెయ్యమంది. అతను గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. జయదేవ్ వరండాలోకి రాగానే పలకరింపులూ అవీ ఏమీ లేకుండా విషయానికొచ్చాడు. నలుగురికీ కలిపి ఇదొక్కటే అవకాశమన్నాడు. వైజాగులో ఒక కుర్రాడున్నాడు, నీ అంత వాయించడు గానీ పిలిస్తే వస్తాడు, ఈ పూటే కబురు చెయ్యాలన్నాడు.

"నాకు తిప్పి తిప్పి చెప్పొద్దురా. రేపు వాయిస్తావా, వాయించవా?"

జయదేవ్ కన్నా ముందు రామబ్రహ్మం మాస్టారు అందుకున్నారు. మావాణ్ణి అలా అడుగుతావేమయ్యా, రోజూ చెవులారా వింటున్నాం, తు.చ. తప్పడం లేదు, ఒక్కసారి వాడి సాధన నువ్వూ వింటే తెలుస్తుంది అని కోప్పడ్డారు. ఆయన కొడుకుని మెచ్చుకోవడం సతీష్‌బాబు ఈ పదిహేనేళ్ళలో వినలేదు. అందుకే ఇంకా అనుమానం వచ్చింది. మాస్టారిని వదిలేసి గుమ్మంలో నిలబడ్డ వైదేహి వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, నువ్వు చెప్పు. వీడు అబద్ధమాడినా నువ్వు ఆడవు. వీడి వాయింపు నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. నీ మాట మీద నేను ఆ వైజాగు కుర్రాణ్ణి వద్దంటా."

అందరూ ఆమెనే చూస్తున్నారు. జయదేవ్ ఒక్కడే చూడటం లేదు, నేలవైపు చూస్తున్నాడు. నిజం చెబితే ఇప్పుడే, ఈ వరండాలోనే అతని పని అయిపోతుంది. ఆ మాట తన నోటినుంచే రావాలా? ఇంతకు ముందే నవ్విన నోటినుంచి?

"వాయిస్తారన్నయ్యగారూ," అంది వైదేహి. "నేనూ వస్తా హైదరాబాదు."

సతీష్‌బాబు మొహం విప్పారింది. గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. ఇంత అనుమానపడ్డందుకు ఏమీ అనుకోవద్దురా అని జయదేవ్ భుజం చరిచాడు. రామబ్రహ్మం మాస్టారు గొంతు సవరించుకున్నారు. చూడామణి కోడలి దగ్గరికొచ్చి, ఇప్పటికైనా మనసు కుదుటపడిందా తల్లీ అని చెవిలో అడిగింది. వైదేహి తలూపింది. ఇంటిల్లిపాదికీ అనుమానాలు తీరిపోయాయి.

భోజనాలయ్యాయి. సతీష్‌బాబు కారు తిప్పి పెట్టడానికి వెళ్ళాడు. ముందుగదిలో జయదేవ్ శాక్సఫోన్‌ని విడదీసి పెట్టెలో సర్దుతున్నాడు. వైదేహి రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చి అతని వెనక నిలబడింది. ఇవాళే నరాల డాక్టరుకి చూపిద్దాం, హైదరాబాదులో తెలిసినవాళ్ళు ఉన్నారు, దారిలో సతీష్‌బాబుకి మెల్లగా చెబుదాం అని ఏదేదో అనబోయింది.

జయదేవ్ పెట్టె మూత వేశాడు. ఇటు తిరిగాడు.

"ఇందాక నిజం చెప్పి ఉంటే బయటివాళ్ళలో సతీష్ ఒక్కడికే తెలిసేది. మావాడు తిట్టేవాడు, ఎవరితోనూ అనేవాడు కాదు. ఇప్పుడు రేపు అందరి ముందూ ఇది నోట్లో పెట్టుకుని నిలబడాలి నేను," అన్నాడు. కోపంగా అనలేదు. నిన్న సాయంత్రం కంచం ముందు ఆమె అడిగినట్టే మెల్లగా అడిగాడు. "అందుకేనా వైదేహీ, వాయిస్తారని చెప్పావ్? అక్కడ అందరి ముందూ పడితే ఇక లేవను, ముక్త్యాల స్కూలుకి పోతాననా?"

వైదేహి నోరు తెరిచింది. ఒక్క మాట, కాదు అంటే చాలు. ఆ మాట అనబోయేముందు తనలోకి తను ఒకసారి చూసుకుంది. చూసుకోకుండా ఉండాల్సింది.

బయట కారు హారను మోగింది. ఆమె "కాదండీ" అనేసరికి జయదేవ్ పెట్టె పట్టుకుని గేటు దాటాడు.